లేచిపోయిందా? లేపుకుపోయాడా?

(ఒక మండల కేంద్రంలో దళిత యువజనులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన తెలుగులో రెండు మాటలున్నాయి. 'లేచిపోయింది' అనేది ఒకటి, 'లేపుకుపోయాడు' అనేది రెండోది. పటేలు కొడుకు మన వాడ పిల్లను వెంటబెట్టుకుని పోతే ఊరేమంటుంది? 'ఆ మాదిగ పిల్ల లేచిపోయింది' అంటుంది. తప్పు పిల్లది. అదే పటేలు ఇంటి పిల్ల మన పిల్లగాడితో వెళ్ళిపోతే ఏమంటుంది? 'మాదిగోడు లేపుకుపోయిండు' అంటుంది. తప్పు పిల్లగాడిది, వాణ్ణి కన్న తండ్రిది, వాడు పుట్టిన వాడది. జరిగిన పని ఒకటే. కర్త మారిపోయాడు. మేం బడిలో వ్యాకరణం చెప్పుకునేవాళ్ళం. పని చేసినవాడే కర్త అని పిల్లలకు చెబుతాం. ఊళ్ళో ఆ సూత్రం చెల్లదు. అక్కడ కర్తను కులం నిర్ణయిస్తుంది.

ఈ వ్యాకరణం రచ్చబండ దగ్గరే ఆగిపోతే ఇవాళ ఈ సభ పెట్టుకునే పనే ఉండేది కాదు. అది ఠాణాకు పోతుంది. ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కుతుంది. కోర్టు దాకా నడుస్తుంది. పద్దెనిమిది నిండని పిల్ల ఇల్లు విడిచి పెద్దవాడితో వెళ్తే పెట్టే కేసుల గురించి మాట్లాడమని మిత్రులు అడిగారు. మనవాళ్ళు దీన్ని నలుగురిలో మాట్లాడరు. పిల్లగాడి ఇంట్లో భయం, పిల్ల ఇంట్లో పరువు. చట్టం ఏం చెబుతుందో తెలుసుకునేలోపే ఒకరి బతుకు జైల్లో, ఇంకొకరి బతుకు హోంలో తెల్లారిపోతోంది.

చట్టం అడిగే ప్రశ్న

ముందు చట్టం చూద్దాం. పాత శిక్షాస్మృతిలో 361 సెక్షన్ ఉండేది. పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లను సంరక్షకుల అనుమతి లేకుండా వాళ్ళ దగ్గర్నుంచి తీసుకుపోయినా, ఆశపెట్టి రప్పించుకున్నా అది అపహరణ. శిక్ష ఏడేళ్ళ దాకా. బలవంతపు పెళ్ళికో, లొంగదీసుకోవడానికో అయితే 366 కింద పదేళ్ళ దాకా. 2024 జూలై 1 నుంచి ఆ స్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇప్పుడవి 137, 87 సెక్షన్లు. మగపిల్లలకు పాత చట్టంలో పదహారేళ్ళ హద్దు ఉండేది, కొత్తదాంట్లో వాళ్ళకూ పద్దెనిమిదే.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ సెక్షన్ సంరక్షకుడి హక్కును కాపాడే పద్ధతిలో రాసింది. దాటకూడని గీత తండ్రి అనుమతి. అందుకే పిల్ల 'నా ఇష్టంతోనే వచ్చాను' అన్నా ఆ ఒక్క మాటతో కేసు పోదు.

అయినా సుప్రీంకోర్టు 1964లోనే ఒక ముఖ్యమైన తేడా చెప్పింది. అది వరదరాజన్ కేసు, మద్రాసుది. పద్దెనిమిది నిండటానికి దగ్గర్లో ఉన్న కాలేజీ పిల్ల తనే ఫోన్ చేసి, తనే వచ్చి, రిజిస్ట్రారు ఆఫీసుకు తనే నడిచింది. తీసుకుపోవడం వేరు, వెంట వచ్చే మనిషిని రానివ్వడం వేరు అని కోర్టు తేల్చింది. ఇల్లు విడవాలన్న ఆలోచన పుట్టించడంలో, ఒప్పించడంలో అతని చెయ్యి లేకపోతే అది అపహరణ కాదంది. అతన్ని విడుదల చేసింది.

1973లో అదే కోర్టు ముందుకు గుజరాత్ నుంచి ఇంకో కేసు వచ్చింది. అతనొక పారిశ్రామికవేత్త. పిల్లకు పదిహేనేళ్ళు. ముందునుంచీ కానుకలిచ్చి, ఆశలు చూపి, ఇల్లు విడిచి తన దగ్గరకు వచ్చేలా చేసుకున్నాడు. 'ఆమె కాళ్ళతో ఆమే నడిచొచ్చింది' అనే వాదన అక్కడ చెల్లలేదు. శిక్ష ఖాయమైంది.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుంటే అడగాల్సిన ప్రశ్నలు తెలుస్తాయి. పిల్ల వయసెంత? అతని వయసెంత? ఇల్లు విడవాలన్న ఆలోచన ఎవరిది? డబ్బు, పలుకుబడి ఎవరి చేతిలో ఉన్నాయి? పిల్ల ఏం చెబుతోంది? మన వ్యాకరణం ప్రశ్నే కోర్టు ప్రశ్న కూడా. లేచిపోయిందా, లేపుకుపోయాడా? కోర్టు దాన్ని సాక్ష్యంతో తేల్చమంది. కులం ఏమిటన్న ప్రశ్న ఆ తీర్పుల్లో లేదు. ఠాణాలో మాత్రం మొదటి ప్రశ్న అదే.

పోక్సో వచ్చాక

2012 నవంబర్ 14 నుంచి పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. ఒకప్పుడు, 1860లో, సమ్మతి వయసు పదేళ్ళు. 1891లో పన్నెండు చేస్తే మతం మునిగిపోతుందని పెద్దపెద్ద వాళ్ళు గోల పెట్టారు. ఆ తర్వాత అది పదహారుకు చేరింది. పోక్సోతో పద్దెనిమిది అయింది. అంటే పద్దెనిమిదిలోపు పిల్ల ఒప్పుకున్నా సరే, లైంగిక సంబంధం నేరమే. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష పదేళ్ళు. పిల్లకు పదహారు నిండకపోతే ఇరవై. పిల్ల గర్భవతి అయితే కూడా కనీసం ఇరవై. కనీసం అంటే జడ్జి గారికి జాలి కలిగినా తగ్గించే వీలు లేదని.

ఈ చట్టం మనకు అక్కర్లేదని మేం అనం. పొలంలో, కొట్టంలో, హాస్టల్లో మన పిల్లల మీద చెయ్యి వేసినవాడు తరతరాలుగా చెప్పిన మాట ఒకటే: 'అది ఒప్పుకునే వచ్చింది'. ఆ తలుపు పోక్సో మూసేసింది. దాన్ని మళ్ళీ తెరవమని అడిగే మూర్ఖత్వం మనకు లేదు. మన పిల్లలను జోగినులుగా ముడుపు కట్టినప్పుడు వాళ్ళ వయసు ఎవరడిగారు? దాన్ని నిషేధిస్తూ చట్టం రావడానికి 1988 దాకా ఆగాల్సివచ్చింది.

అయితే ఈ చట్టం కింద పట్టుబడుతున్నది ఎవరో కూడా చూడాలి. ఎన్‌ఫోల్డ్ అనే సంస్థ అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టుల్లో 2016 నుంచి 2020 దాకా వచ్చిన 7,064 పోక్సో తీర్పులు చదివింది. వాటిలో 1,715 ప్రేమ వ్యవహారాల కేసులు. నాలుగింట ఒకటి. వీటిలో నూటికి తొంభైకి పైగా కొట్టేశారు.

'కొట్టేశారు గదా, ఇంకేం' అనుకోకండి. కొట్టేసేలోపు ఏమవుతుంది? జామీను పడాలంటే పాసు పుస్తకం కావాలి. భూమి లేనివాడికి జామీను ఎవరిస్తారు? అమ్మ మెడలో ఉన్నదేదో తాకట్టు పడుతుంది. ఐటీఐ చదువు మధ్యలో ఆగుతుంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి అర్జీ పెడితే పాత కేసు అడ్డం పడుతుంది. దాచారని తల్లిదండ్రుల మీద, బండి ఇచ్చాడని స్నేహితుడి మీద కూడా కేసు రాస్తారు. తీర్పు రాకముందే శిక్ష అయిపోతుంది.

బడి రిజిస్టరు

ఈ కేసులన్నిటికీ ఇరుసు వయసు. పదిహేడేళ్ళ పదకొండు నెలలైతే నేరం, నెల దాటితే పెళ్ళి. మరి వయసును ఏం చూసి తేలుస్తారు? 2015 బాలల న్యాయ చట్టం 94 సెక్షన్ వరస చెప్పింది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయితీ ఇచ్చే జనన ధృవపత్రం. ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష.

బడి కాగితం ఎలా పుడుతుందో మాకు తెలుసు. ఇంట్లో కాన్పు అయిన పిల్లకు కాగితం ఉండదు. తల్లి కూలికి పోయేరోజు నాయనమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. 'ఎప్పుడు పుట్టింది?' అంటే 'నాట్లప్పుడు' అంటుంది. ఒకటో తరగతికి అప్పట్లో ఐదేళ్ళు నిండాలి కాబట్టి దానికి సరిపోయే తేదీ రిజిస్టరుకు ఎక్కుతుంది. అందుకే పాత రిజిస్టర్లు తీసి చూస్తే సగంమంది జూన్‌లోనే పుట్టి ఉంటారు. ఆ తేదీ మీద ఇరవై ఏళ్ళ జైలు వేలాడుతుందని ఆనాడు నాయనమ్మకేం తెలుసు?

అందుకే కాగితాన్ని కోర్టులో పరీక్షించాలి. 2023 జూలైలో యువప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. తమిళనాడు నుంచి వచ్చిన ఆ కేసులో బడి బదిలీ సర్టిఫికెట్ చూపించి పిల్లను మైనరన్నారు. 94 సెక్షన్ చెప్పిన కాగితం అది కాదని, డాక్టరు పరీక్షలో పిల్లకు పద్దెనిమిది దాటినట్టు తేలిందని కోర్టు అతన్ని విడుదల చేసింది. ఆ మాట చెప్పించుకోవడానికి అతను సుప్రీంకోర్టు దాకా పోవాల్సివచ్చింది. మన వాడ నుంచి ఢిల్లీ దాకా దారి ఖర్చు ఎవరి దగ్గరుంది?

ఠాణా గడప

ఇంకో సంగతి. పిల్ల లేచిపోయిందని ఫిర్యాదు ఇస్తే పిల్ల క్షేమమని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. మథుర కేసు మర్చిపోవద్దు. 1972 మార్చి 26న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ ఠాణాకు ఆ ఆదివాసీ పిల్లను ఎందుకు పిలిచారో తెలుసా? తను ఇష్టపడినవాడు తనను అపహరించాడని సొంత అన్నే ఫిర్యాదు ఇచ్చాడు. ఆ విచారణకే పిలిచారు. పిల్ల వయసు పద్నాలుగు, పదహారు మధ్య అని డాక్టరు చెప్పాడు. అందరినీ బయటకు పంపి ఆ పిల్లను లోపల ఉంచుకున్నారు. ఇద్దరు పోలీసుల మీద కేసు నడిచింది. హైకోర్టు శిక్ష వేసింది. ఒంటిమీద గాయాలు లేవు కాబట్టి పిల్ల ఒప్పుకున్నట్టే అని 1978లో సుప్రీంకోర్టు వాళ్ళను వదిలేసింది. దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కితే 1983లో అత్యాచార చట్టం మారింది.

చూడండి ఈ దేశం లెక్క! ప్రేమించినవాడితో వెళ్తే ఆ పిల్లకు సమ్మతి ఇచ్చే వయసు లేదు. ఠాణాలో పోలీసుల దగ్గరకొచ్చేసరికి ఉంది.

కాపాడాల్సింది ఎవర్ని?

మరి ఊరి పెద్దలకు పిల్ల వయసు మీద అంత బెంగ ఎందుకు? బాబాసాహెబ్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన కులాల మీది వ్యాసంలోనే ఈ ముడి విప్పాడు. కులమంటే లోపలే పెళ్ళి. ఆ గోడ నిలబడాలంటే ఆడదాని మీద కాపలా ఉండాలి. సతి, విధవకు పెళ్ళి లేకుండా చేయడం, బాల్యవివాహం, ఈ మూడూ ఆ కాపలాకు పుట్టిన ఆచారాలే అన్నాడు. కులాంతర వివాహమే కులానికి అసలు మందు అని 1936లో మళ్ళీ చెప్పాడు.

అంటే ఆడపిల్ల వయసు ఎప్పుడూ కులం చేతిలో పనిముట్టే. ఎనిమిదేళ్ళకు పెళ్ళి చేస్తే ఆనాడు ధర్మం. ఇవాళ పదహారేళ్ళ పిల్లను సొంత కులంలో మేనమామకిచ్చి చేస్తే కన్యాదానం. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అదీ నేరమే, చేసిన తల్లిదండ్రులూ ముద్దాయిలే. ఆ పందిట్లో పెద్దమనుషులు భోంచేసి చదివింపులు రాయించి వస్తారు. అదే పిల్ల పదిహేడున్నర ఏళ్ళకు మాల పిల్లగాడితో బస్సెక్కితే అప్పుడు 'పసిపిల్ల'. పిల్ల వయసు మీద బెంగ కాదిది, కులం గోడ మీద బెంగ.

పద్దెనిమిది దాటితే వదిలేస్తారా? మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న గర్భిణి అయిన భార్య కళ్ళముందే మన పిల్లగాణ్ణి ఆస్పత్రి బయట నరికి చంపించారు. ఇద్దరూ మేజర్లే. పెళ్ళీ చట్టబద్ధమే. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మైనరైతే కేసు, మేజరైతే కత్తి. గోడ మాత్రం అదే.

మన పిల్ల పోయినప్పుడు

ఇప్పుడు రెండో వైపు. మన పిల్ల కనపడకుండా పోతుంది. పేరున్న ఇంటివాడు తీసుకుపోయాడని వాడంతా తెలుసు. తండ్రి కూలి మానుకుని ఠాణాకు పోతాడు. 'రెండ్రోజులు చూడు, అదే వస్తుంది' అంటారు. మూడోరోజు పోతే 'నీ బిడ్డే లేచిపోయింది, పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి' అంటారు. పంచాయితీలో ఒక రేటు కడతారు. వ్యాకరణం మళ్ళీ తిరగబడింది చూశారా!

ఇలా తిప్పి పంపడం చట్టవిరుద్ధం. 2013 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం లలితా కుమారి కేసులో ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని చెప్పింది. ఆ కేసు పుట్టిందే మైనరు కూతుర్ని ఎత్తుకుపోయారని తండ్రి మొత్తుకుంటే పోలీసులు కేసు రాయనందుకు. పిల్లలు కనపడకుండా పోతే అపహరణ అయి ఉండొచ్చని ముందే అనుకుని కేసు కట్టాలని అదే సంవత్సరం మేలో ఇంకో తీర్పు కూడా ఉంది. ముద్దాయి ఎస్సీ, ఎస్టీ కానివాడైతే అత్యాచారాల నిరోధక చట్టం కూడా పెట్టమని అడగాలి. కావాలని విధి నిర్వహించని అధికారి మీదే కేసు పెట్టడానికి ఆ చట్టంలో 4వ సెక్షన్ ఉంది. ఆ సంగతి ఎస్సైకి వినయంగా గుర్తు చేయండి.

మన ఇంటి కొలత

అన్నలారా, ఇక కొంచెం చేదుగా ఉండే మాట చెబుతాం. ఊరికి ఒక కొలత, వాడకు ఒక కొలత వద్దంటున్నాం. అట్లాగైతే మనం కూడా ఒకే కొలత పట్టుకోవాలి.

ముప్పై ఏళ్ళ మగాడు తొమ్మిదో తరగతి పిల్లకు ఫోన్ కొనిచ్చి, నెల రోజులు తిప్పుకుని, ఊరు దాటిస్తే అతను మన కులంవాడైనా సరే, మన సంఘం కార్యకర్తైనా సరే, మేం అతని వెనక నిలబడం. అది కులాంతర ప్రేమ కాదు. బాబాసాహెబ్ పేరు దానికి అడ్డం పెట్టనివ్వం. ఆ పిల్ల ఏ కులపుదైనా మా బడిలో బెంచీ మీద కూర్చోవాల్సిన పిల్లే. పంతొమ్మిదేళ్ళ పిల్లగాడు, పదిహేడున్నరేళ్ళ పిల్ల ఒకరినొకరు కోరుకుని వెళ్తే అది వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేవాడు పోలీసైనా తప్పే, మనమైనా తప్పే.

2023 సెప్టెంబర్‌లో లా కమిషన్ తన 283వ నివేదికలో సమ్మతి వయసు తగ్గించొద్దంది. పదహారు, పద్దెనిమిది మధ్య పిల్లల కేసుల్లో పరిస్థితి చూసి శిక్ష తగ్గించే వీలు జడ్జీలకు ఇవ్వాలంది. మేం కూడా ఆ దిక్కునే ఆలోచిస్తున్నాం. వయసుల తేడా, పిల్ల మాట, బలవంతం, ఆశచూపడం, ఇవన్నీ తూచమంటున్నాం.

పిల్ల మాట అన్నాం గదా, దాని సంగతి కూడా వినండి. పశ్చిమ బెంగాల్‌లో 2018లో పద్నాలుగేళ్ళ పిల్ల ఇరవై అయిదేళ్ళవాడితో వెళ్ళింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అతను నేరస్తుడేనని తేల్చింది. తర్వాత నిపుణుల కమిటీ వేసి ఆ పిల్లతో మాట్లాడించింది. 2025 మే 23న అతనికి ఇక జైలు వద్దంది. నేరం జరిగిందానికంటే ఆ తర్వాత పోలీసులు, కోర్టులు, భర్తను విడిపించుకునే తిరుగుడు, అప్పులు, ఇవే ఆమెను ఎక్కువ నలిపేశాయని కమిటీ చెప్పింది. సొంత కుటుంబం ఆమెను వదిలేసిందని, న్యాయవ్యవస్థ ఆమెను ఆదుకోలేకపోయిందని కోర్టే ఒప్పుకుంది. పద్నాలుగేళ్ళ పిల్ల ఇల్లు విడిచిందంటే ఆ ఇంట్లో ఏముందని మనం అడగాలి. బడి మాన్పించారా? కొట్టారా? ముసలివాడికి పెళ్ళి కుదిర్చారా? మన ఇళ్ళలో కూడా కూతురి ఫోన్ పగలగొట్టే తండ్రులున్నారు, మాల మాదిగల మధ్య పెళ్ళి అంటే కర్ర తీసేవాళ్ళున్నారు. మన గోడ మనం కూల్చకుండా ఊరి గోడ కూల్చమని అడిగితే ఎవరు వింటారు?

చేయాల్సిన పనులు

మాటలతో సరిపెట్టుకోకుండా వాడవాడనా ఈ పనులు మొదలుపెట్టాలి.

ప్రతి పిల్లకు పుట్టగానే పంచాయితీలో జనన నమోదు చేయించాలి. ఆ కాగితం ప్రకారమే బడిలో తేదీ రాయించాలి. ఉపాధ్యాయ మిత్రులు దీన్ని ఉద్యమంలాగా తీసుకోవాలి.

తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకు ఈ చట్టాలు చెప్పాలి. ఆడపిల్లలకొక్కరికే కాదు, మగపిల్లలకు ముందు చెప్పాలి. 'పద్దెనిమిది నిండేదాకా ఆగు, ఆమె చదువు ఆపకు' అన్న మాట వాడలో పెద్దవాళ్ళ నోట రావాలి.

కేసు పడితే పారిపోవద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా కోర్టులోనే ఆ ఆఫీసు ఉంటుంది.

పిల్ల దొరికాక ఆమె వాంగ్మూలం మేజిస్ట్రేటు ముందు నమోదు కావాలి. పోక్సో కింద పోలీసులు పిల్ల మాట రాసుకునేటప్పుడు యూనిఫాంలో ఉండకూడదు, రాత్రిళ్ళు పిల్లను ఠాణాలో ఉంచకూడదు. ఆమె నమ్మే మనిషి పక్కనుండాలి. ఆ మనిషిగా పోవడానికి ప్రతి వాడలో ఇద్దరు ఆడవాళ్ళు సిద్ధంగా ఉండాలి.

ఎవరి పిల్ల పోయినా, ఏ కులపు మగాడు ముద్దాయి అయినా, సంఘం అడగాల్సిన ప్రశ్నలు అవే: వయసెంత, ఆలోచన ఎవరిది, బలం ఎవరిది, పిల్ల ఏమంటోంది? కులం ఏంటని మనం అడగొద్దు. అడిగినవాణ్ణి ఊరుకోవద్దు.

లేచిపోయిందా, లేపుకుపోయాడా అన్నది ఇన్నాళ్ళూ ఊరు చెప్పింది. ఇకనుంచి అది సాక్ష్యం చెప్పాలి, ఆ పిల్ల నోరు చెప్పాలి. దానికోసం ఠాణా ముందు కూర్చోవాల్సి వస్తే కూర్చుందాం. కోర్టు దాకా నడవాల్సి వస్తే చందాలు వేసుకుని నడుద్దాం.

జై భీమ్!